సగం దేశం ఉన్న రెండు రూపాయల బిళ్ళ

మా బావ కళ్ళ సంగతి చెప్పాలంటే ముందు మా అక్క ముక్కుపుడక సంగతి చెప్పాలి. పెళ్ళిచూపుల్లో అందరూ పిల్ల ముఖం చూస్తుంటే, ఈయన ముక్కుపుడక చూసి, "ఎడమ పక్క రాయి కాస్త వాలిందండీ, కంసాలి చూసుకోలేదు" అన్నాడు. మా నాన్నకి ఒళ్ళు మండి సంబంధం వద్దు పొమ్మన్నాడు. అక్క మాత్రం లోపలికెళ్ళి, అద్దం అరిగిపోయేదాకా చూసుకుని, రాయి నిజంగానే వాలిందని తేల్చుకుని, చేసుకుంటే ఈయన్నే చేసుకుంటానని కూర్చుంది. ఆ తర్వాత ఆ కళ్ళతోనే వేగింది. చివరికి ఆ కళ్ళే కొంప ముంచాయి.

బావ బస్సు కండక్టరు. డిపో జగ్గయ్యపేట, కాపురం నందిగామ. నేను డిగ్రీ గట్టెక్కి, జగ్గయ్యపేటలో ఓ ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెబుతూ, అక్కావాళ్ళింట్లో తిని పడుకునేవాణ్ణి. సాయంత్రం బావ బస్సులోనే ఇంటికి. ఆ బస్సు గురించి అబద్ధం చెప్పను. దాంట్లో జనం ఎక్కేవాళ్ళు కాదు. మిరపకాయల్ని గోనె టిక్కీల్లో తొక్కినట్టు తొక్కేవాళ్ళు. చిల్లకల్లులో ఎక్కిన ఓ పెద్దాయన, కాళ్ళు నేలకి ఆనకుండానే నందిగామ వచ్చి దిగి, "ఈ బస్సులో మోకాళ్ళ నొప్పులు రావు" అని మెచ్చుకుని పోయాడు. ఆ తొక్కిడిలో కూడా బావ టికెట్టు చించుతూ, చిల్లర అందుకుంటూ, అందుకున్న ప్రతి బిళ్ళనీ బొటనవేలితో ఓసారి తిప్పి చూసేవాడు.

ఆ రోజుల్లో ప్రభుత్వానికి ఏ ఆలోచన వచ్చినా ఓ బిళ్ళ కొట్టేది. పంటలు బాగా పండించండని ఒక బిళ్ళ. పిల్లల్ని తక్కువ కనండని ఒక బిళ్ళ. సరే, కన్నవాళ్ళనైనా బాగా చూసుకోండని ఇంకో బిళ్ళ. ఆటల పోటీలకొకటి, ఆడవాళ్ళ అభివృద్ధికొకటి. మనం వాటితో బీడీలూ అరటిపళ్ళూ కొనుక్కునేవాళ్ళం తప్ప, వాటి మీద ఏముందో చూసిన పాపాన పోలేదు. అవి స్మారక నాణేలని, వాటిని దాచుకునేవాళ్ళు ఉంటారని, అందులోనూ టంకశాలలో తప్పు పడ్డ బిళ్ళ దొరికితే కళ్ళకద్దుకుని కొంటారని బావకి చెప్పింది బెజవాడ వన్‌టౌన్‌లో పాత నాణేల కొట్టు పెట్టుకున్న ఓ ముసలాయన. ఆయన ఒకసారి బావ బస్సెక్కి, చిల్లర ఇస్తే తీసుకోకుండా, "బ్యాగులో ఇంకేమున్నాయో చూపించు బాబూ" అన్నాడట. ఆ వేళ పట్టుకుంది పిచ్చి. తర్వాత ఓ పది పైసల బిళ్ళ మీద బొమ్మ రెండుసార్లు పడి ఉంటే బావ పట్టుకెళ్ళి ఆయనకిచ్చాడు. వచ్చిన డబ్బుతో అక్కకి వాయిల్ చీర కొన్నాడు. అక్క ఆ చీర కట్టుకుని వీధిలోకి వస్తే, నందిగామలో సగం మంది ఇంటికెళ్ళి డబ్బాల్లో పది పైసలన్నీ కుమ్మరించుకుని చూసుకున్నారు. ఆ వారం మా వీధి కిళ్ళీ కొట్లో చిల్లర కరువొచ్చింది.

బావకి వినయం అనేది బొత్తిగా లేదు. తెలిసింది చెప్పకపోతే అన్నం అరిగేది కాదు. రాత్రి కంచం ముందు కూర్చుని, పులుసు గిన్నె, మూత, మధ్యలో అప్పడం పెట్టి మాకు టంకశాల చూపించేవాడు.

"కింద ఓ అచ్చు. పైన ఓ అచ్చు. మధ్యలో ఖాళీ బిళ్ళ. పైది దబ్బున దిగితే రెండు పక్కలా ఒకేసారి బొమ్మ పడుద్ది. చూస్తున్నావా బామ్మర్దీ?"

"చూస్తున్నా. అప్పడం పోయింది."

"అచ్చు వదులై తిరిగిపోయిందనుకో, బిళ్ళని పక్కకి తిప్పినప్పుడు సింహాలు నిలబడాల్సింది పోయి పడుకుంటాయి. ముందు కొట్టిన బిళ్ళ ఊడి రాకుండా అచ్చుకే అంటుకుందనుకో, తర్వాతి దాని మీద రెండు పక్కలా ఒకటే బొమ్మ. ఒక పక్క సరిగ్గా, రెండో పక్క అద్దంలో చూసినట్టు. అదీ కాక, బిళ్ళ సరిగ్గా మధ్యలో కూర్చోలేదనుకో..."

"కూర చల్లారిపోతోందండీ" అనేది అక్క.

"...బొమ్మ ఓ పక్కకి జారిపోయి, అంచున నెలవంకలా ఖాళీ మిగులుద్ది. స్మారక నాణెం మీద అట్లాంటిది పడితే ఇక దాని ఖరీదు చెప్పలేం. టంకశాల వాళ్ళు ఏరి పారేస్తారు. వాళ్ళ కన్నుగప్పి బయటపడ్డది ఏ లక్షల్లో ఒకటో."

దొంగ తప్పులు కూడా ఉంటాయని చెప్పేవాడు. రైలు పట్టాల మీద పెట్టి అణిచినవి, సుత్తితో సాగగొట్టినవి, ఆకురాయితో అరగదీసినవి. టంకశాలలో పడ్డ తప్పుకే విలువ. బయటికొచ్చాక మనిషి చేసిన దానికి విలువ లేదు. రెండిటికీ తేడా తెలిసేది తూకంలో. అసలు తప్పులో బొమ్మ జారుతుందే గానీ లోహం ఎటూ పోదు. కంసాలి త్రాసులో వేస్తే మామూలు బిళ్ళతో సరిసమానంగా తూగాలి. గురివింద గింజలో సగం తగ్గినా, ఎవడో చెయ్యి పెట్టాడన్నమాటే.

ఇక కండక్టర్ల రూలొకటి చెప్పాలి. డ్యూటీ ఎక్కే ముందు కండక్టరు తన సొంత డబ్బు జేబులో ఎంతుందో చెప్పి వే బిల్లు అనే లెక్కల కాగితం మీద రాయించుకోవాలి. ఆపైన టికెట్లు ఎన్ని తెగితే అంత డబ్బు బ్యాగులో ఉండాలి; జేబులో మాత్రం రాయించిన దానికన్నా ఒక్క పైసా ఎక్కువ ఉండకూడదు. ఉంటే జనం దగ్గర నొక్కేసినట్టే. బావ ఈ రూలుకి తగ్గట్టే తన పిచ్చిని నడుపుకున్నాడు. రోజూ కాస్త సొంత చిల్లర రాయించుకునేవాడు. బ్యాగులోకి వింత బిళ్ళ వస్తే దాన్ని తీసి జేబులో వేసుకుని, జేబులోది బ్యాగులో వేసేవాడు. లెక్క లెక్కే, వింత వింతే. ఇన్నేళ్ళలో ఒక్క రిమార్కు లేదు. డిపోలో ఆయన బ్యాగు లెక్కపెట్టడం దండగని క్యాషియరు కునుకు తీసేవాడు.

ఎనభైల మొదట్లో దేశమంతా ఒకటిగా ఉండాలని చెబుతూ ఓ రెండు రూపాయల బిళ్ళ వచ్చింది. దాని మీద దేశం పటం, పటంలో జెండా. పెద్ద బిళ్ళ. జేబులో వేసుకుంటే లాల్చీ ఓ పక్కకి వాలిపోయేది.

ఆ వేళ నెలాఖరు. జేబులో ఉన్న కాస్తా రేషన్ చక్కెరకని అక్క తీసేసుకుంది. సొంత డబ్బు నిల్ అని రాయించుకుని బావ డ్యూటీ ఎక్కాడు. సాయంత్రం బస్సులో నేను ముందు, ఇంజను పక్కన, ఓ మేకపిల్లకీ దాని యజమానికీ మధ్య ఇరుక్కుని ఉన్నా. బావ వెనక ఉన్నాడు. చిల్లకల్లులో మిరప కోతల నుంచి వస్తున్న కూలీలు ఎక్కారు. బస్సంతా తుమ్ములు. ఆ తుమ్ముల్లో వెనక నుంచి బావ కేక వినబడింది. ఏ జేబుదొంగో దొరికాడనుకున్నా.

"బామ్మర్దీ!"

"ఏంటి బావా?"

"రెండు రూపాయలుంటే ఇటు పంపించు. తొందరగా!"

"టికెట్ కొట్టించుకున్నా కదా. మళ్ళీ కొడతావా? అల్లుడివని మర్యాద చేస్తుంటే..."

బస్సంతా నవ్వింది. మేకపిల్ల కూడా ఏదో అంది. బావ నవ్వలేదు. "నీ యెంకమ్మా, పంపించెహె!" అన్నాడు. సరేనని ఓ రెండు రూపాయల నోటు తీసి వెనకవాడికిచ్చా. వాడు వాడి వెనకవాడికిచ్చాడు. అలా చేతులు మారుతూ ఆ నోటు బస్సు మధ్యదాకా వెళ్ళింది. అక్కడ ఎర్ర తువ్వాలు కట్టుకున్న ఓ ఆసామి దాన్ని అందుకుని, అటు పక్క ఎవరికివ్వాలో తెలియక చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే, పెనుగంచిప్రోలు అడ్డరోడ్డు దగ్గర, చెకింగ్ వాళ్ళు చెయ్యెత్తి బస్సాపారు.

వెనక ఏం జరిగిందో బావ తర్వాత చెప్పాడు. ఓ కూలీ మనిషి కొంగుముడి విప్పి ఇచ్చిన బిళ్ళ అది. దాని మీద దేశం కిందకి జారిపోయింది. కాశ్మీరం బిళ్ళ నడిబొడ్డున ఉంది. వింధ్య దాటాక ఏమీ లేదు. మద్రాసూ కన్యాకుమారీ, మన కృష్ణా జిల్లా, ఆ కూలీ మనిషి, ఆ బస్సు, అన్నీ అంచు అవతల గాల్లో కలిసిపోయాయి. పైన నెలవంకంత ఖాళీ, నున్నగా మెరుస్తూ. వెనక్కి తిప్పితే సింహాలు కూడా అదే తీరున జారి ఉన్నాయి. మామూలు వింత బిళ్ళయితే బావ బ్యాగులో పడేసి, డిపోకెళ్ళాక ఎవరి దగ్గరో చేబదులు తీసుకుని మార్చుకునేవాడు. కానీ ఇది ఆయన జన్మంతా ఎదురుచూసిన బిళ్ళ. బ్యాగులో వేస్తే మిగతా చిల్లరతో రాసుకుని గీతలు పడతాయి. పొరపాటున ఎవరికో చిల్లరగా పోవచ్చు. అందుకని పాత టికెట్టు ముక్కలో చుట్టి, పసిబిడ్డని ఉయ్యాల్లో వేసినట్టు చొక్కా జేబులో వేసుకుని, నాకు కేకేశాడు.

చెకింగ్ వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని బ్యాగు లెక్కపెట్టించాడు.

"రెండు తక్కువొచ్చిందే."

"జేబులో ఉందండి."

"జేబులో ఎందుకుంది?"

"బ్యాగులో ఉంటే గీతలు పడతాయండి."

"డబ్బుకి గీతలా?"

"మామూలు డబ్బు కాదండి అది. స్మారక నాణెం. టంకశాలలో తప్పు పడ్డదండి. చూడండి, ఈ అంచున..."

"ఉండవయ్యా. సొంత డబ్బు నిల్ అని రాయించావు. బ్యాగులో తక్కువ, జేబులో ఎక్కువ. అవునా కాదా?"

"అవుననుకోండి, కానీ..."

ఇంతలో ఎర్ర తువ్వాలు ఆసామికి చెయ్యి లాగింది కాబోలు. "ఇదిగో, ఈ రెండు రూపాయలు ఎవరియ్యండీ మరి? కండక్టరు గారు తెప్పించుకున్నారు కదా?" అని నోటు ఊపాడు. పాపం, నిజాయితీపరుడు. అంత నిజాయితీపరుణ్ణి ఆ తాలూకాలో మళ్ళీ చూడలేదు.

నేను మేకపిల్లని తొక్కుకుంటూ వెనక్కి తోసుకెళ్ళి, "అది నాదండి, బావకి నేనే పంపా" అన్నా. పెద్దాయన నా వైపు జాలిగా చూశాడు. "తగ్గింది పూడ్చడానికి బయటి డబ్బు తెప్పించుకుంటున్నాడన్నమాట. అదీ బామ్మర్ది చేత. రాసుకోవయ్యా" అన్నాడు పక్కాయనతో. బిళ్ళని కవర్లో వేసి, లక్క కరిగించి సీలేశారు. లక్క వేడికి బిళ్ళ రంగు మారుతుందేమోనని బావ గిలగిల్లాడాడు. ఉద్యోగం గురించి అప్పటికింకా ఆయనకి ఆలోచనే రాలేదు.

మర్నాడు సస్పెన్షన్ కాగితం వచ్చింది. సగం జీతం. ఇంట్లో నేను తినే అన్నం ఎవరి వాటాలోదో అని మొదటిసారి ఆలోచించా. అక్క కాగితం చదివి, మడిచి, దేవుడి పటం వెనక పెట్టి, "ఇప్పుడేం చెయ్యాలో అది చెప్పండి" అంది.

ఏం చెయ్యాలో చెప్పడానికి కంచికచర్ల నుంచి యూనియన్ నాయకుడు వచ్చాడు. కాఫీ తాగి, మీసం తుడుచుకుని, "చూడన్నా, ఇదేం పెద్ద కేసు కాదు. రద్దీలో చిల్లర పొరపాటున జేబులో పడింది, చూసుకోలేదు, క్షమించండి అని రాసిచ్చెయ్. ఓ ఇంక్రిమెంట్ ఆగుద్ది. రెణ్ణెల్లలో మళ్ళీ బ్యాగు తగిలించుకుంటావ్" అన్నాడు.

"చూసుకోలేదు అని రాయాలా?" అన్నాడు బావ.

"అవును."

"నేను చూసుకోలేదా?"

"అబ్బా, కాగితం మీద అన్నా!"

"కాగితం మీదైనా సరే. పొరపాటున పడలేదు. చూసి, తెలిసి, పక్కన పెట్టా. దానికి బదులు బామ్మర్ది రెండు రూపాయలు బ్యాగులో వేద్దామని పెట్టా. దొంగతనమైతే టికెట్టు ముక్కలో చుట్టి పెడతానా? అది తప్పు పడ్డ బిళ్ళేనని తేలితే, నేనెందుకు పక్కన పెట్టానో వాళ్ళకే అర్థమవుద్ది."

నాయకుడు అక్క వైపు చూశాడు. అక్క బావ వైపు చూసింది. "మీ కన్ను గొప్పదే లెండి. ఎవరు కాదన్నారు? నాకు మాత్రం ఒకటో తారీఖు గొప్పది. రాసిచ్చేయండి."

"పెళ్ళిచూపుల్లో రాయి వాలిందని అన్నా. అప్పుడు చూసుకోకుండా అన్నానా?"

అక్క లేచి లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నెలు మాట్లాడాయి.

ఎంక్వైరీ డిపోలోనే జరిగింది. గదిలోకి నన్ను రానివ్వలేదు గానీ, కిటికీకి అద్దాలు లేవు. పక్కనే నిలబడి విన్నా. ఆఫీసరు కఠినుడు కాదు, మంచివాడే. అదే మా దురదృష్టం. కఠినుడైతే ఒక్కరోజులో అయిపోయేది.

"నాకొకటి చెప్పు" అన్నాడు ఆఫీసరు. "అది డబ్బా, కాదా? డబ్బయితే సంస్థ డబ్బు నీ జేబులో ఉంది. డబ్బు కాదంటావా, చెల్లని బిళ్ళ తీసుకుని టికెట్టు ఇచ్చావు. అదీ తప్పే. ఏదంటావు?"

"రెండూనండి. డబ్బే, కాకపోతే డబ్బు కన్నా ఎక్కువండి."

"ఎక్కువని ఎవరంటారు?"

"బెజవాడలో నాణేల వ్యాపారి ఉన్నారండి. ఆయన చూసి తేలుస్తారు. టంకశాల తప్పేనని ఆయన రాసిస్తే, నేను దాచిపెట్టింది డబ్బని కాదు, వస్తువనేగా అర్థం?"

ఆఫీసరు పెన్నుకి మూత పెట్టాడు. "సరే, తీసుకురా. ఆయన రాసిస్తే పరిగణిస్తా. ఒక్కసారే" అన్నాడు.

ఆ రాత్రి బావ చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాడు. మళ్ళీ గిన్నె, మూత, అప్పడం. కంసాలి త్రాసు కూడా అడిగి తెచ్చిపెట్టాడు, ముసలాయన తేవడం మరిచిపోతే పనికొస్తుందని. మామూలు రెండు రూపాయల పటం బిళ్ళ ఒకటి సంపాదించి, పక్కన పెట్టి తూయడానికి తయారుగా ఉంచాడు. సరిసమానంగా తూగుతుందనే విషయంలో ఆయనకి ఆవగింజంత అనుమానం లేదు. నాకూ లేదు. నిజానికి ఈ రోజుకీ లేదు.

ముసలాయన చెప్పిన రోజుకి వచ్చాడు. పైసా పుచ్చుకోనన్నాడు. ఎండలో బస్సు దిగి, పంచె దులుపుకుని, భూతద్దం తీసి కూర్చున్నాడు. ఈసారి కిటికీ దగ్గర నాతోపాటు ఇద్దరు డ్రైవర్లు, ముగ్గురు కండక్టర్లు. అటెండరు బీరువా తెరిచి ఫైలు తెచ్చాడు. ఫైలుకి ఎర్రదారం, దారానికి అట్టముక్క ట్యాగు. దాని కొసన వేలాడుతూ బావ బిళ్ళ.

దానికి చిల్లు ఉంది.

బావ లేచి నిలబడ్డాడు. ఆఫీసరే అడిగాడు, "ఇదేంటయ్యా?"

"కవరు చిరిగిపోతోందండి, బిళ్ళ ఎక్కడ పడిపోతుందోనని" అన్నాడు అటెండరు. "పట్టుకున్న సరుకు ఏదైనా ఫైలుకి కట్టాలి కదండీ. టికెట్ల కట్టలకైతే చిల్లు ఉంటుంది, దారం దూరుతుంది. దీనికి లేదు. మన గ్యారేజీలో డ్రిల్లు పెట్టించా." తర్వాత బావ మొహం చూసి, ఊరడించడానికని, "బొమ్మ పాడవలేదు లెండి. పైన ఖాళీ జాగా ఉందిగా, సరిగ్గా అక్కడే వేయించా" అన్నాడు. ఎంత జాగ్రత్తగా వేయించాడో! నెలవంక నడిమధ్యన, చక్కటి గుండ్రటి చిల్లు.

ముసలాయన భూతద్దంలో చూశాడు. తిప్పి చూశాడు. అంచు మీద గోరుతో రాశాడు. మధ్యాహ్నం కాస్తా సాయంత్రమవుతుందేమో అన్నంతసేపు చూశాడు. త్రాసు ముట్టుకోలేదు.

"నా కంటికి టంకశాలదే అనిపిస్తోంది" అన్నాడు చివరికి.

"అనిపిస్తోందా, అవునా?" అన్నాడు ఆఫీసరు.

"తూకం ఉంటే అవునని రాసేవాణ్ణండి. చిల్లులో ఎంత లోహం పోయిందో నాకెలా తెలుస్తుంది? ఆ పొడి ఉందా?"

గ్యారేజీలో ఇనప్పొడి, ఆయిలు, గుడ్డపీలికలు కలిసి రోజూ బయట పారేస్తారు. ముసలాయన భూతద్దం కింద పెట్టాడు.

"అసలు తప్పు కూడా నున్నగా ఉండేది ఈ ఖాళీ చోటే. చెయ్యి పెట్టారో లేదో తెలిసేదీ ఇక్కడే. చిల్లు కూడా ఇక్కడే పడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఇప్పుడిది చిల్లుపడ్డ బిళ్ళ. నేను సంతకం పెట్టలేను బాబూ." ఆ చివరిమాట బావతో అన్నాడు. బావ తల ఊపాడు. ఆయన స్థానంలో తనున్నా పెట్టేవాడు కాదు. అదే కదా ఇన్నేళ్ళూ మాకు పులుసు గిన్నె మీద నేర్పింది.

ఆఫీసరు కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "చూడు. చిల్లు విషయంలో మా వాళ్ళదీ పొరపాటే. నేనిప్పటికీ అవకాశమిస్తున్నా. రద్దీలో చూసుకోలేదని ఒక్క ముక్క చెప్పు. నేను రాసుకుంటా. ఇంక్రిమెంట్ కోసి వదిలేస్తా."

కిటికీ దగ్గర మేమందరం ముందుకి తోసుకున్నాం. "చెప్పు అన్నా, చెప్పు" అని ఓ డ్రైవరు గొణిగాడు.

బావ ఆ బిళ్ళనే చూస్తున్నాడు. "చూశానండి" అన్నాడు.

ఉద్యోగంలోంచి తీసేసినట్టు ఆర్డరొచ్చింది. అక్క దాన్ని దేవుడి పటం వెనక పెట్టలేదు. చదివి బావ చేతికిచ్చి, చక్కెర లేని కాఫీ కలపడానికి వెళ్ళింది. వాయిల్ చీర ఆ తర్వాత ఎప్పుడూ కట్టుకోగా చూడలేదు. ఉందో, ఎవరికైనా ఇచ్చేసిందో అడగలేదు. నేను జగ్గయ్యపేటలో ఓ గది తీసుకుని మారిపోయా. రెండు పూటలా ఓ మనిషి తిండి తగ్గితే అక్కకి అదీ ఓ ఇంక్రిమెంటే. బావ ఓ పత్తి వ్యాపారి దగ్గర బేళ్ళు తూకం వేసే పనికి కుదిరాడు. తూకం ఒక్క పిసరు అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదని వ్యాపారి ఆర్నెల్లకే మాన్పించాడు.

డిపోవాళ్ళు లెక్కలు తేల్చి, రావాల్సిన డబ్బు ఇచ్చారు. అందులో బ్యాగులో తగ్గిన రెండు రూపాయలు కోసుకున్నారు. బావ దగ్గర మిగిలిన వాదన అదొక్కటే. నాతో కూడా చెప్పాడు. "రెండు రూపాయలు నా దగ్గర రాబట్టారుగా? మరి బిళ్ళ నాదేగా?" న్యాయమే. ఎటు తిప్పి చూసినా న్యాయమే. బిళ్ళ ఇప్పించమని డిపోకి వెళ్ళాడు. ఫైల్లో ఉన్న సరుకు ఫైలు ఉన్నంతకాలం ఫైల్లోనే ఉండాలన్నారు. మళ్ళీ వెళ్ళాడు. గుమాస్తా మారాడు, కొత్తాయన ఫైలు వెతకాలన్నాడు. మళ్ళీ వెళ్ళాడు. చిల్లుపడ్డ బిళ్ళకి విలువ లేదని ఆయనే నాకు వెయ్యిసార్లు చెప్పినవాడు, దాన్నేం చేసుకుంటావని అడిగితే, "చేసుకోవడానికేముంది? నాది కాబట్టి" అనేవాడు.

ఓ సాయంత్రం నా గదికొచ్చి, తోడు రమ్మంటే ఇద్దరం కలిసి వెళ్ళాం. గేటు దగ్గర వాచ్‌మన్ ఒకప్పుడు బావ బస్సుకి డ్రైవరు. చూపు మందగించిందని గేటు మీద వేశారు. కుర్చీలోంచి లేచాడు గానీ గేటు తియ్యలేదు.

"అన్నా, ఇక నిన్ను లోపలికి రానివ్వొద్దన్నారు. ఆఫీసులో పని చేసుకోనివ్వట్లేదంటన్నారు."

"ఫైలు ఉందో లేదో అడిగొస్తా. అంతే."

"నన్ను ఇబ్బంది పెట్టమాకు అన్నా. నా ఉద్యోగం కూడా పోద్ది."

బావ గేటు మీంచి చెయ్యి తీశాడు. "సర్లే. కుర్చీలో కూర్చో, ఎండ తగులుద్ది" అన్నాడు, ఎండ లేకపోయినా. ఇద్దరం గేటు పక్కన నిలబడ్డాం. నాకెప్పుడూ ఏదో ఓ ఎకసెక్కెం నోట్లో ఊరుతుంటుంది. ఆ వేళ ఎంత వెతికినా దొరకలేదు.

నందిగామ మీదుగా పోయే ఆర్డినరీ లోపలినుంచి వచ్చింది. డ్రైవరు బావని చూసి బ్రేకు వేశాడు. అలవాటు. బావ వెనక తలుపు కమ్మీ పట్టుకుని ఎక్కాడు. అదీ అలవాటే. ఎక్కి, వెనక సీటు పక్కన, ఇన్నేళ్ళూ తను నిలబడ్డ చోటే వీపు ఆనించి నిలబడ్డాడు. తోడుండాలనిపించి నేనూ ఎక్కా. బ్యాగు తగిలించుకున్న కుర్ర కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "కొంచెం ముందుకి జరగండి మామయ్యా, ఇది నేను నిలబడే చోటు" అన్నాడు మర్యాదగానే.

బావ జరిగాడు. నందిగామకి టికెట్టు అడిగి నోటిచ్చాడు. కుర్రాడు టికెట్టు చించి, చిల్లర లెక్కపెట్టి అరచేతిలో పోశాడు. అందులో ఓ పెద్ద బిళ్ళ కూడా ఉంది. బావ కిటికీలోంచి బయట మిరప చేల వైపు చూస్తూ గుప్పిట మూసి, ఆ చిల్లరంతా అలాగే జేబులో వేసుకున్నాడు.